విజయనగరంలో ఇంటి చారు క్యారేజీ: బరువు తగ్గే ఆపరేషన్‌కి ముందు 11 రోజులు నన్ను నిలబెట్టింది ఇదే

ముందే చెప్పీస్తాను, ఇది హోటల్ కాదు. తోటపాలెం వైపు ఒక అక్క తన ఇంట్లోనే వండి స్టీలు క్యారేజీల్లో పంపుతారు. బోర్డు లేదు, ఏ యాప్‌లోనూ దొరకదు, ఒకరు చెప్తే ఒకరికి తెలియడమే. పేరు మాత్రం రాయొద్దమ్మా, ఆర్డర్లు ఎక్కువైతే నేను ఒక్కదాన్నీ చెయ్యలేను అన్నారు, అందుకే రాయట్లేదు. నేనైతే 5కి 4 ఇస్తున్నాను, ఆ ఒకటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే చారుకి ఇంత పెద్ద రివ్యూ ఎందుకో అర్థం కాదు. నాకు 38 ఏళ్ళు, 118 కేజీలు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 47, షుగరు వచ్చి తొమ్మిదేళ్ళు, మెట్లు ఎక్కితే మోకాళ్ళు పట్టీసేవి. రెండేళ్ళు ఆలోచించి చివరికి విశాఖలో స్లీవ్ ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను, అంటే కడుపులో ముప్పావు భాగం పైనే తీసీసి మిగతాది సన్నగా గొట్టంలా ఉంచుతారు. ఆపరేషన్‌కి భయపడ్డాను గాని ఆ డైటీషియన్ చేతిలో పెట్టిన చార్ట్ చూసాక అసలు భయం మొదలైంది. 14 రోజులు నమలడం లేదు. ప్రొటీన్ పొడి మూడు పూటలు, వెన్న తీసిన పాలు, మజ్జిగ, వడకట్టిన చారు, వడకట్టిన సూపు, రెండున్నర లీటర్ల నీళ్ళు, అంతే. పంచదార లేదు, పళ్ళరసం లేదు, రాగి జావ కూడా వద్దన్నారు. మొత్తం కలిపి రోజుకి 900 కేలరీల లోపే.

ఎందుకు ఇంత కష్టపెడతారు అని డాక్టర్‌గారినే అడిగాను. కాలేయం ఎడమ భాగం కడుపు మీద మూతలా పడుకుని ఉంటుందమ్మా, నీలాంటి బరువు ఉన్నవాళ్ళకి కొవ్వు పట్టి అది పెద్దదై బరువుగా ఉంటుంది, చిన్న కన్నాల్లోంచి పరికరాలు పెట్టి చేసేటప్పుడు దాన్ని పైకి ఎత్తి పట్టుకోవాలి, అది పెద్దగా ఉంటే కడుపు పైభాగం కనపడదు, కదిపితే రక్తం వస్తుంది అన్నారు. పిండి పదార్థం, తీపి మానీస్తే కాలేయం తనలో దాచుకున్న చక్కెరనీ దానితో ఉండే నీళ్ళనీ ముందు ఖర్చు పెట్టుకుంటుందంట, తర్వాత కొవ్వు, తగ్గడం ఎక్కువగా ఈ రెండు వారాల్లోనే జరుగుతుందంట. అది విన్నాక చార్ట్ మీద కోపం పోయింది. నా ప్రాణం కోసమే కదా.

కానీ తెలియడం వేరు, ఉండడం వేరు. మొదటి మూడు రోజులు వట్టి పొడి మీద ఉన్నాను. వెనిల్లా ఒక డబ్బా, చాక్లెట్ ఒక డబ్బా కొన్నాం, రెండూ తీపే. పొద్దున్న తీపి, మధ్యాహ్నం తీపి, రాత్రి తీపి. మనకి తీపి అంటే చివర్లో ఒక ముక్క, అన్నం బదులు తీపి తాగమంటే నాలుక ఒప్పుకోదు. నాకు ఆకలి కన్నా ఎక్కువ ఏడిపించింది అదే, వేడిగా పుల్లగా కారంగా ఒక్కటి నోట్లో పడితే చాలనిపించేది. టీ కూడా మానీసానేమో మూడో రోజుకి తలనొప్పి, నోరు ఒకలాంటి వాసన, పిల్లల మీద ఊరికే అరవడం. మా అత్తయ్యేమో, ఏటమ్మా ఇలా నీళ్ళు తాగి ఉంటే ఆపరేషన్‌కి ముందే పడిపోతావు, కొంచెం చారన్నం తినీ, ఎవరు చూస్తారు అని. ప్రేమతోనే అన్నారు, కానీ ఆ మాట వినగానే నేను వంటింట్లోంచి బయటికి వచ్చీసాను, లేకపోతే తినీసేదాన్నే.

బయట ఏదైనా దొరుకుతుందా అని వెతికాం. మెయిన్ రోడ్డు మీద ఒక జ్యూస్ షాపులో కీరా, పుదీనా జ్యూస్ పంచదార లేకుండా, వడకట్టి ఇమ్మని మూడుసార్లు చెప్తే సరే మేడమ్ అని తీపి పాకం పోసీ ఇచ్చారు. సూపర్ మార్కెట్లో సూప్ ప్యాకెట్ వెనకాల చదివితే మొదటి నాలుగింట్లోనే మొక్కజొన్న పిండీ, పంచదారా ఉన్నాయి, నాకు కుదరనివి సరిగ్గా అవే. ఇంట్లో నేనే చేసుకోవచ్చు కదా అనొచ్చు. దసరా రోజులు, ఇంటినిండా వంట, ఆ వంటలన్నీ చేస్తూ పక్కన నా గిన్నె విడిగా పెట్టుకునే ఓపిక అప్పుడు నాలో లేదు.

మా ఆయన ఆఫీసులో ఒకాయన వాళ్ళ నాన్నగారికి ఈ అక్క దగ్గరనుంచే పథ్యం భోజనం తెప్పించేవారంట, ఆయన చెప్పారు. ఫోన్ చేస్తే అక్క ధర చెప్పకముందు నన్నే ప్రశ్నలు అడిగారు. షుగరు ఉందా, బీపీ ఉందా, ఉప్పు ఎంత వెయ్యమన్నారు, పాలు పడతాయా, చార్ట్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమ్మా అన్నారు. పెట్టాను. అరగంటకి తిరిగి ఫోన్ చేసి, దీంట్లో పప్పు కట్టు అని ఉంది, అడుగు కలపకుండా పైన తేరిన నీళ్ళేనా, కలిపి వడకట్టాలా, మీ డైటీషియన్‌ని అడిగి చెప్పు అన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు సగం దిగులు తీరిపోయింది. ఇంతవరకూ మా ఇంట్లోవాళ్ళు కూడా ఆ చార్ట్ అంత జాగ్రత్తగా చదవలేదు.

నాలుగో రోజు శనివారం మధ్యాహ్నం 12 గంటలకి మొదటి క్యారేజీ వచ్చింది. మూడు గిన్నెలు. పైన కందికట్టు చారు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు, చింతపండు, అన్నీ ఉడికించి పలచటి గుడ్డలో వడకట్టినది, అడుగున రవ్వంత పలుకు కూడా లేదు. రెండోది ములక్కాడ, టమాటా సూపు, మూడోది అల్లం, కొత్తిమీర దంచి కలిపి వడపోసిన మజ్జిగ. మూత తియ్యగానే ఆ పోపు వాసనకి నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చీసాయి, నిజంగానే. మూడు రోజుల తర్వాత భోజనం టైములో, కంచం దగ్గర కూర్చుని, అందరితో పాటు నోట్లో పెట్టుకున్నాను. నేను పోగొట్టుకున్నది అన్నం ఒక్కటే అనుకున్నాను, అందరితో కూర్చోవడం కూడా పోయిందని ఆ రోజే తెలిసింది.

తర్వాత రోజూ మారుస్తూ వచ్చారు. మిరియాల చారు, పెసరకట్టు, సొరకాయ సూపు, రాత్రి ఏడు గంటలకి కోడి ఎముకలతో చేసిన పలచటి సూపు, పైన తేలే కొవ్వు చల్లార్చి తీసీసి మళ్ళీ వేడిచేసి పంపేవారు. ఒక రోజు ఉలవకట్టు ఇచ్చారు, మనవైపు ఉలవచారు తెలుసు కదా చిక్కగా, అది కాదు, మొదటి నీళ్ళు పలచగా తీసి తాలింపు పెట్టింది. అన్నిటికన్నా అదే నాకు బాగా నచ్చింది. వేడి మాత్రం ఎప్పుడూ తగ్గలేదు, క్యారేజీ మీద మందపాటి గుడ్డసంచి తొడిగి పంపుతారు.

ఆరో రోజు తొలేళ్ళు, అంటే పైడితల్లమ్మ పండగ ముందురోజు, ఏడో రోజు సిరిమాను, అంటే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే రోజు. విజయనగరం వాళ్ళకి చెప్పక్కర్లేదు, పైడితల్లమ్మ పండగకి ఇంట్లో చుట్టాలు ఎంతమంది ఉంటారో. మా ఇంట్లో పద్నాలుగు మంది. పులిహోర, గారెలు, పరవాన్నం అన్నీ నేనే చేసాను, ఉప్పు మాత్రం చూడలేదు, మా పెద్దపాప చూసి చెప్పేది. ఒక్క చుక్కే కదా అని చేతిమీద వేసుకుంటే ఆ చుక్క దగ్గర ఆగనని నాకు తెలుసు. సిరిమాను రోజు మధ్యాహ్నం నుంచి కోట దగ్గర, గంటస్తంభం దగ్గర బండ్లు వదలరు, జనం. క్యారేజీ రాదనే అనుకున్నాను. అక్క పొద్దున్న 10 గంటలకే రెండు పూటలవీ కలిపి పంపీసారు, రాత్రిది ఫ్రిజ్‌లో పెట్టి వేడిచేసుకో, కోడి సూపు వద్దు ఈరోజు, మజ్జిగ ఎక్కువ పెట్టాను ఎండలో నిలబడతావు కదా అని. అమ్మవారి సిరిమాను గుడి నుంచి కోట వైపు వచ్చేటప్పుడు నేను చేతిలో మజ్జిగ సీసా పట్టుకునే దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు లోపాలు. తొలేళ్ళ రోజు మధ్యాహ్నం క్యారేజీ రెండున్నరకి వచ్చింది. పండగ అని నాకూ తెలుసు గాని షుగరు ఉన్న మనిషికి రెండున్నర గంటలు ఆలస్యం అంటే చిన్న విషయం కాదు, చేతులు వణికాయి, గ్లూకోమీటర్‌లో 74 చూపించింది, వెంటనే పాలు తాగి కూర్చున్నాను. ముందే ఒక ఫోన్ చేసి ఉంటే పొడి కలుపుకునేదాన్ని. రెండోది, తొమ్మిదో రోజు రాత్రి సూపు చిక్కగా మెరుస్తూ వచ్చింది, చెంచాతో ఎత్తితే తీగలా సాగింది. ఫోన్ చేస్తే అక్క దాచలేదు, సాయానికి వచ్చిన అమ్మాయి రుచి బాగుంటుందని మొక్కజొన్న పిండి కలిపీసిందమ్మా, తాగకు, పారబోసీ అన్నారు, గంటలో వేరేది పంపారు, ఆ పూట డబ్బులు కూడా తీసుకోలేదు. మంచిగానే సరిచేసారు, కానీ నేను చూసుకోకపోతే తాగీసేదాన్ని కదా. ఆ ఒక్క మార్కు ఈ రెండిటికీ. ఆదివారం రాత్రి కూడా ఉండదు, అది ముందే చెప్తారు కాబట్టి తప్పు పట్టను.

ధర మధ్యాహ్నం 90, రాత్రి 60. రెండు ఆదివారం రాత్రులు, ఆ పారబోసిన పూట పోగా 11 రోజులకి మొత్తం 1470 అయింది. వెనిల్లా డబ్బా ఒక్కటే దీనికి రెట్టింపు పడింది నాకు.

ఇంకో మాట, ఈ చారులో ప్రొటీన్ ఉందని లెక్కేసుకోకండి. వడకట్టిన నీళ్ళలో ప్రొటీన్ పెద్దగా మిగలదు, ఆ లెక్క పొడితోనే పూర్తవ్వాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. నా చార్ట్‌లో మూడు స్కూపులు, స్కూపుకి 24 గ్రాములు. నేను ఐదో రోజునుంచి తీపి డబ్బాలు పక్కన పడీసి ఏ ఫ్లేవరూ లేని వే ప్రొటీన్ (పాల విరుగుడు నీళ్ళ నుంచి తీసే పొడి) తెప్పించుకున్నాను, డబ్బా మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు చూసే కొన్నాం. అది మజ్జిగలో చక్కగా కలిసిపోతుంది. చారులో కలపాలంటే మాత్రం మరిగే చారులో వెయ్యకూడదు, విరిగిన పాలలా ముద్దలు కట్టీస్తుంది. ముందు చల్లనీళ్ళతో పేస్టులా కలుపుకుని, చారు తాగే వేడికి దిగాక అందులో పోసి తిప్పాలి. రెండుసార్లు పాడుచేసుకుని నేర్చుకున్నాను. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఈ డైట్ మొదలుపెట్టేముందే డాక్టర్‌ని అడగండి, నాకు గ్లిమెపిరైడ్ సగానికి తగ్గించారు, ఆ 74 చూసాక పూర్తిగా ఆపించారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు వాడేవాళ్ళకి తినకుండా ఉన్నప్పుడు షుగరు మామూలుగా చూపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉందంట, అవి ఎప్పుడు ఆపాలో తప్పకుండా కనుక్కోండి.

14వ రోజు అడుగు కనపడేంత పలచటి నీళ్ళే, మజ్జిగ కూడా వద్దన్నారు. ఆ రోజు క్యారేజీలో తేరిన టమాటా నీళ్ళు, మిరియాల నీళ్ళు రెండే వచ్చాయి, మూత మీద చిన్న కాగితం, అర్ధరాత్రి తర్వాత నీళ్ళు కూడా ముట్టుకోకు అని. ఆ మాట ఆసుపత్రివాళ్ళూ చెప్పారు, అయినా ఆవిడ చేతిరాతలో చూస్తే ధైర్యం వచ్చింది. విశాఖ బయలుదేరేటప్పటికి 112 కేజీలు. ఆపరేషన్ తర్వాత డాక్టర్‌గారు మా ఆయనతో, కాలేయం బాగా తగ్గింది, ఎత్తడానికి ఇబ్బంది పడలేదు అన్నారంట.

ఈ రోజుకి ఆపరేషన్ అయి 13 రోజులు. ఇంకా పలచటి ద్రవాలే, ఎల్లుండి నుంచి మెత్తగా రుబ్బిన పప్పు, కూరగాయలు మొదలు, పూటకి మూడు నాలుగు చెంచాలు. కొత్త చార్ట్ ఫోటో నిన్ననే అక్కకి పెట్టాను. మళ్ళీ అరగంటకి ఫోన్ వచ్చింది, రుబ్బింది జల్లెడ పట్టాలా వద్దా కనుక్కుని చెప్పు అని.