బీప్ టెస్ట్, ఫోన్ కెమెరా, ఛాతీ బెల్టు: నాలుగేళ్లు వాడాక

విజయనగరం దగ్గర మా ఊరి గ్రౌండులో రోజూ పొద్దున్న ముప్పై మంది దాకా పిల్లలొస్తారు. కబడ్డీ ఆడే పిల్లలు, వాలీబాల్ ఆడే పిల్లలు, బరువులెత్తే ఆడపిల్లలు, పోలీసు సెలక్షన్లకు పరిగెత్తే కుర్రాళ్లు. అందరికీ నేనే మాస్టారిని. ల్యాబ్ లేదు, ట్రెడ్‌మిల్ లేదు. ఒక టేపు, స్టాప్‌వాచ్, బీప్ టెస్ట్ ఆడియో, స్లోమోషన్ ఉన్న ఫోను, గుండె వేగం చూపించే ఛాతీ బెల్టు: వీటితోనే నాలుగేళ్లుగా పిల్లల్ని కొలుస్తున్నాను. ఏది పనికొచ్చిందో, ఏది నన్ను తప్పుదారి పట్టించిందో రాస్తున్నాను.

ముందు బీప్ టెస్ట్. ఎంతసేపు పరిగెత్తగల ఊపిరి ఉందో చూడటానికి కెనడాలో ల్యూక్ లేజే అనే పరిశోధకుడు 1980ల్లో తయారుచేసిన పరీక్ష ఇది. 20 మీటర్ల దూరంలో రెండు గీతలు గీసి, బీప్ మోగేలోపు ఈ గీత నుంచి ఆ గీతకు చేరుకోవాలి. మొదటి నిమిషం గంటకు 8.5 కిలోమీటర్ల వేగం, ఆపైన నిమిషానికి అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. ఒక్కో నిమిషం ఒక్కో లెవెల్. పదిహేను మందిని ఒకేసారి నిలబెట్టొచ్చు, పావుగంటలో తేలిపోతుంది. మాలాంటి గ్రౌండుకి ఇంతకంటే చవకైన పరీక్ష నాకు దొరకలేదు.

కానీ రెండో ఏడాది సంక్రాంతి సెలవుల తర్వాత పెడితే అందరూ పడిపోయారు. పదో లెవెల్ దాటే కుర్రాళ్లు తొమ్మిదిలోనే ఆగిపోయారు. అరిసెలు తిని పడుకున్నారని గట్టిగా తిట్టాను. ఒకడు మాత్రం ఏడుపు ఆపుకుంటూ, "మాస్టారూ, నాను పండగ మూడ్రోజులూ చెరువుగట్టు మీద పరిగెట్టినానండి" అన్నాడు. వాడు అబద్ధమాడే పిల్లాడు కాదు. ఆ సాయంత్రం తాపీమేస్త్రి దగ్గర స్టీలు టేపు అడిగి తెచ్చి గీతల మధ్య కొలిచాను. ఇరవై మీటర్లు కాదు, ఇరవైన్నర ఉంది! సెలవుల తర్వాత గీతలు మళ్లీ గీసింది నేనే, నా పాత గుడ్డ టేపుతో. రెండేళ్లు లాగీ లాగీ అది సాగిపోయింది.

అర మీటరే కదా అనిపిస్తుంది. పదో లెవెల్ వేగం గంటకు 13 కిలోమీటర్లు. ఇరవైన్నర మీటర్ల మీద అదే బీప్ అందుకోవాలంటే 13.3 దాకా పరిగెత్తాలి. అంటే అర లెవెల్ పైనే బరువు నేను పిల్లల మీద మోపాను. మర్నాడు అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాను. స్టీలు టేపు కొని, గ్రౌండులో నాలుగు రాళ్లు పాతించాను. ఇప్పటికీ ప్రతి టెస్టుకూ ముందు ఆ రాళ్ల మధ్య కొలుస్తాను. వాన పడిన మర్నాడు అసలు పెట్టను. ఎర్రమట్టిలో తిరిగేటప్పుడు కాలు జారితే ఊపిరి ఉన్నవాడు కూడా ముందే ఆగిపోతాడు.

ఇక ఎగిరే ఎత్తు. పూర్వం వేలికి సుద్ద రాసుకుని గోడమీద గుర్తు పెట్టించేవాణ్ణి. ఇప్పుడు ఫోన్లో తీసి, గాల్లో ఉన్న సమయం లెక్కపెడతాను. ఆ సమయాన్ని దానితోనే గుణించి, 9.81తో హెచ్చించి, ఎనిమిదితో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది. అర సెకను గాల్లో ఉంటే దాదాపు 31 సెంటీమీటర్లు. సెకనుకు 30 ఫ్రేములుండే మామూలు వీడియోలో ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే నాలుగు సెంటీమీటర్ల తేడా పడుతుంది, నెలంతా చేసిన సాధన అందులోనే కొట్టుకుపోతుంది. 240 ఫ్రేముల స్లోమోషన్‌లో ఆ తేడా అర సెంటీమీటరే. నడుమ్మీద చేతులు పెట్టించండి, కాళ్లు చాపి దిగమనండి. దిగేటప్పుడు మోకాళ్లు ముడిస్తే గాల్లో సమయం పెరిగి, లేని ఎత్తు కనబడుతుంది.

ఈ పరీక్ష మీద నాకింత ప్రేమ ఉండటానికి ఒక అమ్మాయి కారణం. బీప్ టెస్ట్‌లో నాలుగో లెవెల్ దాటేది కాదు. "నానింక రానండి మాస్టారూ, నాకు పరుగు రాదు" అంది. గోడ దగ్గర నిలబెట్టి ఎగరమంటే వాలీబాల్ ఆడే పిల్లలందరికంటే ఎత్తు ఎగిరింది. తనకున్నది ఒక్క సెకనులో పేలే బలం. మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది స్నాచ్‌లో (ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130 కిలోలెత్తి. ఆ బలాన్ని ఇరవై మీటర్ల గీతల మధ్య ఎవరు కొలవగలరు? కొండవెలగాడ మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కిలోల విభాగంలో వెండి పతకం గెలిచిందీ అలాంటి బలంతోనే. ఆ అమ్మాయి ఇప్పుడు బరువులెత్తుతోంది. అన్ని ఆటల పిల్లల్నీ ఒకే పట్టికలో పెట్టి ర్యాంకులు రాయడం ఆ రోజే మానేశాను. ఒక్కో బిడ్డకు ఒక్కో పేజీ, వాళ్ల పాత అంకె పక్కన కొత్త అంకె.

ఛాతీ బెల్టు గురించి ఎక్కువ చెప్పను. గుండె విద్యుత్తును పట్టుకుంటుంది కాబట్టి చేతి వాచీ కంటే నమ్మకం. మణికట్టు దగ్గర వెలుతురుతో చూసే వాచీ, బరువుల బార్ పట్టుకుని మణికట్టు వంచగానే తడబడుతుంది. అయితే బెల్టు మెత్తల్ని నీళ్లతో తడపకుండా కట్టారో, కూర్చున్న పిల్లాడికి కూడా 200 పైన చూపిస్తుంది. మన చెమటకు ఉప్పు పేరుకుని మొదటి పట్టీ ఏడాదికే పాడైంది, వాడాక ప్రతిసారీ కడగాలి. ముప్పై మందికి ఒకటే బెల్టంటే కుదరదు. మెడ దగ్గర వేలు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించడం పిల్లలకు నేర్పాను. రోజువారీ పనికి అది చాలు.

స్టాప్‌వాచ్ చవకే, కానీ పరుగును ఉన్నదానికంటే వేగంగా చూపిస్తుంది. మొదలైనట్టు చూసి మన వేలు కదిలేసరికి ఆలస్యమవుతుంది, అందుకే 100 మీటర్లలో చేతి టైముకు 0.24 సెకను కలపడం ఆనవాయితీ. కానిస్టేబుల్ సెలక్షన్లో మగపిల్లలకు 100 మీటర్లు 15 సెకన్లు. నా చేతిలో 14.9 వచ్చిన కుర్రాడు నిజానికి 15 దాటేసినట్టే. అందుకని నా వాచీలో 14.6 రాకుండా ఎవరికీ 'నువ్వు సిద్ధం' అని చెప్పను. అలిగినా సరే, ఇంకో రెండు వారాలు పరిగెత్తిస్తాను.