విటమిన్ మాత్రా, స్టాటినా: కొలెస్ట్రాల్ ఎక్కువుంటే ఏది మేలు?

లిపిడ్ ప్రొఫైల్ అనే రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువొచ్చి డాక్టరు దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర రాయగానే ఇంట్లో ఎవరో ఒకరు అడ్డుపడతారు. "ఆ మాత్ర మొదలెడితే జీవితాంతం మింగాలి. యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ నయం, సైడ్ ఎఫెక్టులుండవు." ఆ మాట నమ్మి స్టాటిన్ మానేసేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

ఆ సలహా వెనక సైన్సు లేకపోలేదు. ఎల్‌డీఎల్ రక్తనాళం గోడలోకి దూరి అక్కడ ఆక్సీకరణం చెందుతుంది, అంటే ఆక్సిజన్ చర్యతో చెడిపోతుంది. అలా చెడిన కొవ్వును తెల్లకణాలు మింగి ఉబ్బిపోతాయి, పూడిక మొదలవుతుంది. మరి ఇ, సి లాంటి యాంటీఆక్సిడెంట్ విటమిన్లతో ఆ ఆక్సీకరణాన్ని ఆపితే చాలదా?

చాలదని బ్రిటన్‌లో తేలింది. హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ 20,536 మందిని సుమారు ఐదేళ్లు గమనించింది. అందరూ గుండెజబ్బు, షుగరు లాంటి వాటితో ముప్పు ఎక్కువున్నవాళ్లే. సగం మందికి రోజూ 40 మి.గ్రా. సింవాస్టాటిన్, మిగతావాళ్లకు మందులేని ఉత్త మాత్ర. అదే జనాన్ని ఇంకోరకంగా విడదీసి సగం మందికి విటమిన్ ఇ 600 మి.గ్రా., సి 250 మి.గ్రా., బీటా కెరోటిన్ 20 మి.గ్రా. ఇచ్చారు. 2002లో ఫలితాలొచ్చాయి. విటమిన్లు రక్తంలో బాగానే పెరిగాయి గానీ గుండెపోట్లు తగ్గలేదు, పక్షవాతాలు తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. స్టాటిన్ వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు నాలుగో వంతు తగ్గాయి. రెండింటినీ ఒకే జనం మీద, ఒకే కాలంలో తూచారు కాబట్టే ఈ తీర్పు నాకు గట్టిదనిపిస్తుంది.

కారణం కూడా అర్థమయ్యేదే. స్టాటిన్ లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. లోటు పూడ్చుకోవడానికి లివర్ రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. ఆక్సీకరణం చెందాల్సిన సరుకే తగ్గిపోతుంది.

"విటమినే కదా, నష్టమేముంది" అనడమూ తప్పే. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లో బయటపడింది. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లకు ఎక్కువ మోతాదు విటమిన్ ఇ వల్ల రక్తస్రావం ముప్పుంది.

ఉసిరికాయ, జామకాయ, ఆకుకూరలు నిక్షేపంగా తినండి. వాటిలో పీచూ ఉంటుంది. కాగిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేసిన బజ్జీలు మానండి, ఆ నూనె అప్పటికే ఆక్సీకరణం చెంది ఉంటుంది. కానీ ఇవేవీ డాక్టరు రాసిన మాత్రకు బదులు కావు.

స్టాటిన్‌తో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. అప్పుడు సొంతంగా ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి. మోతాదు తగ్గించొచ్చు, వేరే స్టాటిన్ ఇవ్వొచ్చు, కుదరకపోతే ఎజెటిమైబ్ లాంటి మందులున్నాయి.