సోంపేట పైపుల కొట్టు: మోటారు అడిగితే బెండులిచ్చాడు

సోంపేట బజారులో ఉన్న ఈ పైపుల కొట్టుకి 2 హెచ్‌పీ మోటారు కొందామని వెళ్ళాను. కొట్టాయన అమ్మనన్నాడు.

మాది కవిటి వైపు పల్లె. 2018 తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్లు కూలిపోతే మళ్ళీ మొక్కలు వేసుకున్నాం. నాలుగు ఆవులు, ఒక గోబర్ గ్యాస్ ప్లాంటు ఉన్నాయి. ప్లాంటులోంచి వచ్చే స్లర్రీని (చిక్కటి పేడనీళ్ళని) 90 మీటర్ల అవతల తోటకి 1 హెచ్‌పీ మడ్ పంపుతో తోడతాను. వెయ్యి లీటర్ల తొట్టి ఖాళీ కావడానికి 25 నిమిషాలు పట్టేది. పంపు మూలుగుతుండేది, పైపు చివర తుపుక్ తుపుక్‌మని ఉమ్మినట్టు పడేది. వేరే ఊళ్ళో ఒకాయన చూసి "మోటారు చిన్నది" అని తేల్చేశాడు. నేనూ నమ్మాను.

ఇక్కడి కొట్టాయన మాత్రం ముందు కాగితం మీద పైపు లైను గీయమన్నాడు. 50 ఎం.ఎం. పైపు, ఏడు ఎల్బోలు (మూల తిరిగే ముక్కలు), మధ్యలో గట్టు ఎక్కి దిగే చోటు. చూసి, "మోటారు మారిస్తే ఏటవుతాది మాస్టారూ? కరెంటు బిల్లు పెరుగుతాది" అన్నాడు. గట్టు మీద గ్యాసు బుడగలు చేరి దారి మూస్తున్నాయట. గడ్డి పరకలు ఎల్బోల్లో ఇరుక్కుంటున్నాయట.

నేను ఫిజిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి కదా, ఊరుకోలేదు. ద్రవంలో కాస్త పాలిమర్ (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం) కలిపితే పైపులో రాపిడి తగ్గుతుందని 1940లలోనే తేలింది, అలాస్కా చమురు పైపులైనులో 1979లోనే వాడటం మొదలెట్టారు, మనమూ కలుపుదామా అన్నాను. "బెండకాయ జిగురులాటిదా?" అని నవ్వాడు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే నాదే తప్పు. ఆ పాలిమర్ పనిచేసేది సుడులు తిరుగుతూ పరిగెత్తే ప్రవాహంలో. నా స్లర్రీ చోడంబలిలా కదులుతుంది. దానికి సుడులెక్కడివి?

కొట్లో ఉండగానే, పోనీ పైపయినా పెద్దది ఇమ్మని 90 ఎం.ఎం. అడిగాను. అదీ వద్దన్నాడు. అంత వెడల్పయితే వేగం తగ్గి పేడ అడుగున కూర్చుంటుందట. 63 చాలన్నాడు. చిక్కటి ద్రవం నెమ్మదిగా పోయేటప్పుడు అదే ఒత్తిడికి వచ్చే ప్రవాహం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 50 నుంచి 63కి వెళ్తే సుమారు రెండున్నర రెట్లు. పేడనీళ్ళకి ఈ లెక్క అచ్చంగా కుదరదు గానీ, చాలావరకు దగ్గరగానే వచ్చింది.

చివరికి కొన్నవి: 63 ఎం.ఎం. పైపులు, నాలుగు లాంగ్ బెండులు (ఎల్బోలా కాక మెల్లగా వంపు తిరిగేవి), గట్టు మీదకి ఒక గాలి వాల్వు, తొట్టి నోటికి ఇనుప జాలీ. మిగతా మూడు మలుపులూ లైను తిన్నగా వేయించి తీసేయించాడు. స్లర్రీలో కాసిని నీళ్ళు ఎక్కువ కలపమన్నాడు, దానికి డబ్బులేం తీసుకోలేదు. ఇప్పుడు తొట్టి 11 నిమిషాల్లో ఖాళీ అవుతోంది. మోటారు పాతదే.

లోపాలూ ఉన్నాయి. బిగించే కుర్రాడు చెప్పిన రోజుకి రాలేదు, మర్నాడు మధ్యాహ్నం దిగాడు. పైపులు అతికించే సొల్యూషన్ ఆరకుండానే పంపు ఆన్ చేసేశాడు, గట్టు దగ్గర జాయింటు ఇప్పటికీ చెమర్చుతోంది. బిల్లు అడిగితేనే రాస్తారు. అందుకే అయిదుకి నాలుగు మార్కులు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే షట్టరు దించేస్తారు, వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. లైను బొమ్మ గీసుకుని మరీ వెళ్ళండి.