రంగు వేసిన జుట్టు మీద రేజర్ పెట్టనివ్వకండి

కలరింగ్ తర్వాత చివర్లు చిట్లిపోయి, ఒక కట్ చేయిస్తే సరిపోతుందిలే అనుకుంటున్నవాళ్లు సెలూన్ కుర్చీలో కూర్చునే ముందు ఇది చదవండి. నాకు పోయినవి 1,499 రూపాయలు, ఆరంగుళాల జుట్టు.

దసరాకి తేనె రంగు హైలైట్స్ వేయించుకున్నాను. మన నల్ల జుట్టు మీద ఆ రంగు తేలాలంటే ముందు బ్లీచ్ చేయాల్సిందే. సంక్రాంతికల్లా కొసలు చీపురు పుల్లల్లా అయ్యాయి. ఫిబ్రవరిలో చెల్లి పెళ్లి. హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరే ఉన్న ఏసీ సెలూన్‌లో కట్, స్పా కలిపి ఆఫర్ అంటే వెళ్లాను. పేరు రాయను.

తల కడిగి, నీళ్లు కారుతుండగానే "లేయర్స్ కొడదాం మేడమ్, బౌన్స్ వస్తుంది" అన్నాడు అక్కడ కట్ చేసే అబ్బాయి. లేయర్స్ అంటే మెట్లు మెట్లుగా కోయడం. బ్లీచ్ ఎప్పుడు చేశారు, ఎన్నిసార్లు చేశారు, ఒక్క మాట అడగలేదు. నేనూ తలూపాను, అదీ నా తెలివి. రేజర్ తీసి పైనుంచి కిందికి గీరుకుంటూ పోయాడు. తర్వాత దువ్వెన పళ్లలా ఉండే థిన్నింగ్ కత్తెర. ఆఖర్న సీరమ్ రాసి, స్ట్రెయిటనర్ పెట్టాక అద్దంలో చూసుకుంటే నేనేనా అనిపించింది. సెల్ఫీ కూడా దిగాను.

మూడో రోజు తలంటుకున్నాక అసలు రంగు బయటపడింది. ఎడమ పక్క జుట్టు కుడి పక్క కంటే రెండు వేళ్లు పొట్టి. కొసలన్నీ పీచు. "ఇదేంటే, ఎలుకలు కొరికినట్టుంది?" అంది అమ్మ. తిరిగి వెళ్లి అడిగితే, "మీ జుట్టే వీక్ మేడమ్, కెరాటిన్ చేయించుకోండి, 6,500 అవుతుంది" అన్నారు. కెరాటిన్ అంటే జుట్టుని నునుపు చేసే ట్రీట్‌మెంట్. పాడు చేసిన చేత్తోనే మందు అమ్మడమన్నమాట.

అసలు ఏం జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది. బ్లీచ్ ఆ పొలుసుల్ని లేపేస్తుంది, లోపలి బలాన్నీ తీసేస్తుంది. అలాంటి వెంట్రుకని రేజర్ ఏటవాలుగా చెక్కితే కొస పల్చబడి లోపలి భాగం బయటపడుతుంది, అక్కడి నుంచే మళ్లీ చిట్లడం మొదలు. థిన్నింగ్ కత్తెరతో ఇంకో తంటా. అది పొట్టి పొట్టి ముక్కల్ని జుట్టు మధ్యలో వదిలేస్తుంది, అవే పైకి లేచి నిలబడతాయి. ఒత్తుగా, ఆరోగ్యంగా ఉన్న జుట్టు మీద పనితనం ఉన్నవాళ్లు రేజర్ వాడితే బాగానే ఉంటుంది, కాదనను. నాలాంటి జుట్టుకి మాత్రం వద్దు.

ఇక ఎడమ పక్క ఎందుకు పొట్టయిందంటే, అటు బ్లీచ్ ఎక్కువ పడింది. బ్లీచ్ తిన్న వెంట్రుక తడిస్తే రబ్బరులా సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. సాగదీసి దువ్వి కోస్తే కొలత నిలవదు. అందుకే పొడి జుట్టు మీదే కట్ చేయమని అడగండి. చిట్లిన చోట్లు కూడా పొడిగా ఉన్నప్పుడే కనిపిస్తాయి.

దిద్దింది మా వీధి చివర చిన్న పార్లర్ నడిపే అక్క. పొడి జుట్టుని సన్నటి పాయలుగా తీసి, మెలితిప్పి, బయటికి పొడుచుకొచ్చిన చిట్లిన కొసల్ని మాత్రం ఒక్కొక్కటే కత్తిరించింది. తర్వాత కింద అంచుని మామూలు కత్తెరతో తిన్నగా కోసింది. లేయర్స్ అడిగితే "ఇప్పుడొద్దమ్మా, చివర్లు ఇంకా పల్చబడతాయి" అంది. ఆ కత్తెరతో కాగితం కూడా కోయనివ్వదట. మొండి కత్తెర వెంట్రుకని కోయదు, నలిపేస్తుంది. 300 తీసుకుంది.

కెరాటిన్, స్పా, సీరమ్ ఏదైనా సరే, పైన పూత వేసి నునుపుగా చూపిస్తుందే తప్ప చిట్లిన కొసని అతికించదు. దానికి కత్తెరే గతి, అదీ చిట్లిన చోటుకి కాస్త పైన కోయాలి. మరో మాట, షాపులో కొన్న హెన్నా పొడి ఎప్పుడైనా పెట్టుకుని ఉంటే బ్లీచ్‌కి ముందే చెప్పండి. కొన్నిట్లో లోహపు లవణాలు ఉంటాయి, బ్లీచ్‌లో కలిపే పెరాక్సైడ్ తగిలితే జుట్టు వేడెక్కి తెగిపోతుంది.

బిల్లు పారేయకండి. కూర్చునే ముందూ, తల కడిగి ఆరాక కూడా ఫోటో తీసుకోండి. నేను తీసింది స్ట్రెయిటనర్ పెట్టాక దిగిన ఆ ఒక్క సెల్ఫీ, దాంతో ఫిర్యాదు ఏం చేస్తాను? 2018లో ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సెలూన్‌లో, చెప్పినదానికంటే బాగా పొట్టిగా కోశారని ఒకావిడ కేసు వేస్తే, 2021లో జాతీయ వినియోగదారుల కమిషన్ 2 కోట్లు ఇమ్మంది. అంత మొత్తానికి ఆధారాలేవని 2023లో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి, మళ్లీ విచారించమంది. మన నష్టం వేలల్లోనే అయినా ఆధారం లేకపోతే అంతే సంగతులు. అన్నీ ఉంటే మాత్రం 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

జుట్టు నెలకి అర అంగుళం పెరుగుతుందంటారు. ఆరంగుళాలంటే ఏడాది. చెల్లి పెళ్లి ఆల్బమ్‌లో సవరం కట్టుకుని, అది ఎక్కడ జారుతుందోనని మెడ తిప్పకుండా నిలబడ్డది నేనే.