బెల్లమా, మొలాసిసా, పంచదారా, తేనా: కుండీ మొక్కకు ఏది మేలు?

మిద్దె తోట వేసుకున్నవాళ్లు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న రాక మానదు. టమాటాకో గులాబీకో పూత టైంలో తీపి నీళ్లు పోయడం మంచిదేనా? మంచిదే అయితే ఏది పోయాలి? బెల్లం అనేవాళ్లున్నారు, వీడియోలు చూసి మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే చెరకు మడ్డి) సీసా తెప్పించేవాళ్లున్నారు, ఇంట్లో ఉన్నది చాల్లే అని రెండు చెంచాల పంచదార కలిపి పోసేవాళ్లూ ఉన్నారు. నా ఓటు బెల్లానికే. కాకపోతే దాన్ని నేరుగా కుండీలో పోయకూడదు, ముందు డ్రమ్ములో పేడ, మూత్రంతో కలిపి నానబెట్టాలి.

ఎందుకో చెబుతాను. మొక్క తనకు కావలసిన చక్కెరను ఆకుల్లో, ఎండలో, తానే తయారు చేసుకుంటుంది. అందులో కొంత వేళ్ల గుండా మట్టిలోకి వదిలి అక్కడి సూక్ష్మజీవులను కూడా పోషిస్తుంది. మనం పోసిన తీపిలో వేళ్లు పీల్చుకునేది నామమాత్రం. పానకం పోస్తే కాయ తియ్యగా అవుతుందన్న మాటలో నిజం లేదు. ఆ పానకం తాగేది మట్టిలోని బ్యాక్టీరియా, శిలీంధ్రాలు. తిండి దొరకగానే అవి ఒక్కసారిగా పెరుగుతాయి, పెరగడానికి వాటికి నత్రజని కావాలి. మట్టిలో పశువుల ఎరువో వర్మీ కంపోస్టో దండిగా ఉంటే ఫరవాలేదు. లేకపోతే మొక్కకు అందాల్సిన నత్రజనిని అవే లాగేసుకుంటాయి, కింది ఆకులు పసుపెక్కుతాయి. అప్పుడు మనం 'బలం చాలలేదేమో' అని ఇంకో చెంచా కలుపుతాం.

ఈ లెక్కన అన్నిటికంటే అధమం పంచదార. అందులో ఉన్నది సుక్రోజ్ తప్ప మరేమీ కాదు, ఖనిజాలు దాదాపు సున్నా. కొన్ని దేశాల్లో సహజ గడ్డినేలలను పునరుద్ధరించేవాళ్లు కలుపు మొక్కలకు నత్రజని అందకుండా చేయడానికి కావాలనే మట్టిలో చక్కెర చల్లి చూశారు. కలుపును నీరసపరచడానికి వాడి చూసినదాన్ని మనం గులాబీకి బలం మందుగా పోస్తున్నామన్నమాట. పంచదారకు ఒకచోట మాత్రం న్యాయం ఉంది: కోసి గాజు సీసాలో పెట్టిన పూలకు. వాటికి వేళ్లు లేవు, ఆకులూ అంతంతమాత్రమే, కాబట్టి నీళ్లలో కొంచెం పంచదార, నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే ఒకటి రెండు రోజులు ఎక్కువ నిలుస్తాయి.

తేనె గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఖరీదు ఎక్కువ. పైగా సూక్ష్మజీవులను చంపే గుణం దానిదే, కాబట్టి మట్టిలో జీవాన్ని పెంచడానికి తేనె వాడటంలో అర్థం లేదు. కొమ్మ అంటు కట్ చేసిన చోట రాస్తే కుళ్లు తగ్గుతుందేమో గానీ, అది వేళ్లు పుట్టించే హార్మోను కాదు. తేనెను దోసెలోకి దాచుకోండి.

అసలు పోటీ మొలాసిస్‌కూ బెల్లానికీ మధ్యే. రెండూ చెరకు బిడ్డలే. చక్కెర మిల్లులో రసం కాచి పంచదార పలుకులు తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి మడ్డి మొలాసిస్. రసాన్ని పంచదార వేరు చేయకుండా కాచి అచ్చు పోసింది బెల్లం. పంచదార తీసేశారు కాబట్టి మొలాసిస్‌లో ఖనిజాలు చిక్కబడి ఉంటాయి: 100 గ్రాములకు పొటాషియం సుమారు 1,400 మి.గ్రా., కాల్షియం, మెగ్నీషియం చెరో 200 పైచిలుకు. బెల్లంలో సాధారణంగా అంతకంటే తక్కువ. కాగితం మీద మొలాసిస్‌దే గెలుపు. కానీ కుండీలో లెక్క వేరు. లీటరు నీళ్లకు ఒక టీస్పూను కలిపితే మొక్క దగ్గరకు చేరే పొటాషియం 100 మి.గ్రా. మాత్రమే. పది గ్రాముల కట్టెల బూడిద అంతకు కొన్ని రెట్లు ఇస్తుంది, ఊళ్లో పొయ్యి ఉన్నవాళ్లకు అది ఉచితం. ఖనిజాల కోసమే మొలాసిస్ కొనడం దండగ.

ఈ మొలాసిస్ మోజు పడమటి దేశాల గంజాయి పెంపకందార్లలో ఎక్కువ. కెనడాలో 2018 నుంచి చాలాచోట్ల ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు. పూత చివరి వారాల్లో మొలాసిస్ పోస్తే మొగ్గ బరువెక్కుతుందని, వాసన పెరుగుతుందని వాళ్లలో గట్టి నమ్మకం. పైన చెప్పిన వేళ్ల సంగతి ఆ మొక్కకూ వర్తిస్తుంది. మన దగ్గర ఆ పెంపకం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద నేరం, కాబట్టి మన చర్చ టమాటా దగ్గరే ఆపుదాం.

మొలాసిస్ ఇక్కడ చేతికి దొరకడమూ కష్టమే. మిల్లు నుంచి వచ్చేది ఎక్కువగా డిస్టిలరీలకు పోతుంది, దాని మీద ఎక్సైజ్ శాఖ కన్ను ఉంటుంది. ఆన్‌లైన్‌లో సీసాలు దొరుకుతాయి గానీ ఆ ధరకు కిలోల కొద్దీ బెల్లం వస్తుంది. బెల్లానికీ ఒక చిక్కుంది. ప్రకృతి సేద్యం వాళ్లు చెప్పే నల్ల బెల్లాన్ని గుడుంబా కాసేవాళ్లూ వాడతారు, అందుకని ఎక్కువ మొత్తంలో అడిగితే కొట్టువాడు పైకీ కిందికీ చూస్తాడు. దాంతోపాటు గుడుంబాలో వాడే పటిక కూడా అడిగారంటే అంతే సంగతులు! ముదురు రంగు అచ్చు బెల్లం అరకిలో తెచ్చుకోండి, చాలు. తెల్లగా, పసుపుగా మెరిసేది వద్దు. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే తెల్లబరిచే రసాయనం కలిపే అలవాటు ఉంది.

ఇక డ్రమ్ము సంగతి. ప్రకృతి సేద్యం చెప్పే సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన జీవామృతం అనే పులియబెట్టిన ద్రావణంలో 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, ఒకటి రెండు కిలోల బెల్లం, అంతే పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. అందులో బెల్లం ఒంటరిగా లేదు, గమనించండి. పేడ, మూత్రం, పిండి నత్రజనిని తెస్తాయి, బెల్లం శక్తినిస్తుంది. నీడలో 48 గంటలు ఉండేసరికి తీపిలో చాలా భాగం సూక్ష్మజీవులే తినేస్తాయి. కుండీకి చేరేది పానకం కాదు, ఆ జీవాలు. మిద్దె మీదికి 20 లీటర్ల బకెట్ చాలు: కిలో పేడ, లీటరు లోపు మూత్రం, 150 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, చిటికెడు మట్టి. రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పి, గోనె కప్పి ఉంచండి, మూత బిగించొద్దు. తర్వాత ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపి పోసి, వారంలోపు అవగొట్టండి. అపార్ట్‌మెంట్‌లో పేడ వాసనకు పక్కింటివాళ్లు ఊరుకోరు అనుకుంటే కంపోస్టు గుప్పెడు, బెల్లం చిన్న ముక్క కలిపి రెండు రోజులు నానబెట్టినా కొంత పని జరుగుతుంది.

కొబ్బరిపీచు ఎక్కువగా నింపి, ఎరువు వేయని బ్యాగుల్లో మాత్రం ఏ తీపీ పోయకండి. అక్కడ జిగురు, పులిసిన వాసన తప్ప ఏమీ రాదు.

పచ్చి తీపి నీళ్లతో ఇంకో పెద్ద నష్టం చీమలు. చీమ ఒకసారి కుండీ దారి పట్టిందంటే వెనకే పిండినల్లి వస్తుంది. అది విసర్జించే తేనెబంక కోసం చీమలు దాన్ని శత్రువుల నుంచి కాపాడతాయి. మందారం, వంకాయ ఉన్న మేడ మీద ఇది మామూలు తలనొప్పి కాదు. ఆకుల మీద బెల్లం నీళ్లు పిచికారీ చేస్తే జిగట మిగిలి నల్లటి మసి బూజు కూడా పట్టొచ్చు.

టమాటా తియ్యగా కావాలంటే రోజుకు ఆరు గంటల ఎండ తగిలేలా కుండీ జరపండి, కాయ రంగు తిరిగే రోజుల్లో నీళ్లు కొద్దిగా తగ్గించండి.