పాత రిజిస్టర్లకు ఫ్యామిలీసెర్చ్, పాత ఫొటోలకు మైహెరిటేజ్: వాడి చూసిన మీదట

కుటుంబ చరిత్రను వెతికేవారికి ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరికే సాధనాల్లో నేను ఎక్కువగా ఆశ్రయించేవి రెండు. రికార్డుల కోసం ఫ్యామిలీసెర్చ్, వెలిసిపోయిన ఫొటోలను బాగుచేసుకోవడానికి మైహెరిటేజ్. రెండింటి గురించీ వినిపించే పొగడ్త ఎక్కువగా వేగాన్ని గురించే ఉంటుంది. పేరు కొడితే తాతముత్తాతలు దొరుకుతారని, మీట నొక్కితే ముఖం తేటపడుతుందని చెబుతారు. నేను చూసింది వేరు. మూలప్రతి దాకా మనల్ని చేర్చడంలో ఏది ఎంతవరకు నమ్మదగినదన్నదే ఇక్కడ నా కొలమానం.

ఆ కొలమానంతో చూస్తే ఫ్యామిలీసెర్చ్‌కు సాటి రాగలది నాకు కనిపించలేదు. లాటర్ డే సెయింట్స్ చర్చి ఆధ్వర్యంలో 1894లో అమెరికాలోని యూటాలో ఏర్పడిన వంశచరిత్ర సంఘమే నేటి ఫ్యామిలీసెర్చ్‌కు మూలం. ఆ సంఘం 1938 నుంచి దేశదేశాల పాత రిజిస్టర్లను మైక్రోఫిల్ముకు, అంటే పేజీలను బాగా చిన్నవిగా ఫొటో తీసి దాచే ఫిల్ముకు, ఎక్కిస్తూ వచ్చింది. సాల్ట్ లేక్ సిటీ సమీపంలో గ్రానైట్ కొండను తొలిచి కట్టిన భాండాగారంలో ఆ ఫిల్ములను భద్రపరిచారు. దాదాపు 24 లక్షల చుట్టల మైక్రోఫిల్మును డిజిటల్ రూపంలోకి మార్చే పని 2021లో పూర్తయింది. 1999లో మొదలైన ఈ వెబ్‌సైటును వాడుకోవడానికి ఖాతా తెరిస్తే చాలు, చందా అడగరు. ఇంత పెద్ద నిధిని ఉచితంగా అందుబాటులో పెట్టినందుకు కృతజ్ఞత చెప్పకుండా ముందుకు వెళ్లడం నాకు న్యాయమనిపించదు.

అయితే కొత్తగా వచ్చినవారు చాలామంది పేరు వెతికి, వచ్చిన ఇండెక్స్ (రికార్డులోంచి ముఖ్యమైన వివరాలు ఎత్తిరాసిన పట్టిక) వివరాలను రాసుకుని అక్కడితో ఆగిపోతారు. ఒక పెళ్లి నమోదును తీసుకుంటే, ఇండెక్సులో సాధారణంగా వధూవరుల పేర్లు, తేదీ, కొన్నిసార్లు తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. అదే నమోదు స్కాన్ తెరిచి చూస్తే వరుడి వృత్తి, సాక్షుల పేర్లు, ఎవరు చేతితో సంతకం పెట్టారు, ఎవరు గుర్తు మాత్రమే వేశారు, మార్జిన్‌లో వేరే సిరాతో తర్వాతెప్పుడో చేర్చిన మాట ఏమిటి అన్నవి కూడా కనిపించవచ్చు. సాక్షిగా నిలిచిన వ్యక్తి వధువు అన్నో మేనమామో అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి, తెగిపోయిందనుకున్న తీగ చాలాసార్లు ఆ ఒక్క సంతకం దగ్గరే మళ్లీ దొరుకుతుంది. ఫ్యామిలీసెర్చ్‌లో ఆ పేజీకి ముందూ వెనకా ఉన్న పేజీలను కూడా వరుసగా తిప్పి చూడవచ్చు. అదే ఇంటిపేరుతో పక్క పేజీలో ఉన్న మరో నమోదు ఈ పద్ధతిలోనే కంటపడుతుంది, వెతుకులాటలో తేలదు.

2024లో వచ్చిన పూర్తిపాఠ అన్వేషణ ఈ సౌకర్యాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. యంత్రమే చేతిరాతను చదివి, వీలునామాల్లోనూ భూమి దస్తావేజుల్లోనూ ఉన్న ప్రతి మాటనూ వెతకడానికి వీలు కల్పిస్తుంది. ఇదివరకు ఇండెక్సుకు ఎక్కని సాక్షులు, సరిహద్దు పొలాల యజమానులు, అప్పు తీసుకున్నవారు ఇప్పుడు పేరు కొడితే వస్తున్నారు. యంత్రం పఠనంలో తప్పులుంటాయి. పాత ఇంగ్లీషు రాతలోని పొడవాటి ‘ఎస్’ అక్షరాన్ని ‘ఎఫ్’గా తీసుకుంటే పేరే మారిపోతుంది. అందుకే అనుమానమున్న అక్షరం చోట ప్రశ్న గుర్తునో, కొన్ని అక్షరాల బదులు నక్షత్రం గుర్తునో పెట్టి వెతకడం అలవాటు చేసుకోవాలి. కొన్ని రికార్డులు మాత్రం, వాటి సొంతదారులతో ఉన్న ఒప్పందాల కారణంగా, ఇంట్లో కూర్చుంటే తెరుచుకోవు. ఫ్యామిలీసెర్చ్ కేంద్రాలకు వెళ్లి చూడవలసి ఉంటుంది.

నాకు మనస్ఫూర్తిగా నచ్చనిది అందరికీ కలిపి ఒకే వంశవృక్షం అన్న పద్ధతి. చనిపోయిన వ్యక్తి పేజీని ఖాతా ఉన్నవారెవరైనా మార్చగలరు. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా కలిపేయడానికి రెండు క్లిక్కులు చాలు, విడదీయడానికి మాత్రం ఓపిక కావాలి. ప్రతి మార్పూ ఆ పేజీ మార్పుల చిట్టాలో నమోదవుతుంది, పాత స్థితికి తిరిగి తెచ్చుకోవచ్చు. అయినా సొంత ప్రతిని మరోచోట ఉంచుకోకుండా ఈ వృక్షం మీదే ఆధారపడమని నేను ఎవరికీ చెప్పను.

ఇక ఫొటోల సంగతి. 2003లో ఇజ్రాయెల్‌లో మొదలైన మైహెరిటేజ్, 2020 ఫిబ్రవరిలో నలుపు తెలుపు ఫొటోలకు రంగులద్దే సాధనాన్ని, అదే ఏడాది జూన్‌లో మసకబారిన ముఖాలకు స్పష్టత తెచ్చే సాధనాన్ని విడుదల చేసింది. గుంపు ఫొటోలో వెనక వరుసలో గింజంత కనిపించే ముఖం కళ్లు, ముక్కు, పెదవులతో తేటపడటం చూసినప్పుడు కలిగే ఆనందాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ కనురెప్పల వెంట్రుకలు, పలువరుస పాత కాగితం మీద ఉన్నవి కావు. వేల ముఖాలను చూసి నేర్చుకున్న కంప్యూటర్ నమూనా, ఇక్కడ ఇలా ఉండవచ్చని ఊహించి గీసినవి. కాబట్టి తేటపరచిన ముఖాలను పక్కపక్కన పెట్టి, పోలికలు కలిశాయి కనుక వీరు అక్కచెల్లెళ్లు అని తేల్చడం సరికాదు. పోలికను వెతకవలసింది బాగుచేయని స్కాన్‌లోనే.

రంగుల విషయంలో చిక్కు ఇంకా లోతైనది. పంతొమ్మిదో శతాబ్దపు ఫొటో ప్లేట్లకు నీలి వెలుగు బాగా తగులుతుంది, ఎరుపు దాదాపు తగలదు. అందువల్ల ఎర్రని వస్త్రం నల్లగానూ, నీలి వస్త్రం తెల్లగానూ పడేది. అన్ని రంగులనూ గ్రహించే ప్లేట్లు 1906 నుంచి గానీ మార్కెట్‌లోకి రాలేదు. ముదురు బూడిద రంగులో కనిపించే దుస్తులు శోకసూచకమైన నలుపా, పండుగనాటి ఎరుపా అన్నది చిత్రంలో మిగిలి లేదు; యంత్రం వేసిన రంగు ఒక ఊహ మాత్రమే. ఇంకో మాట, డాగెరోటైపులు, టిన్‌టైపులు (పంతొమ్మిదో శతాబ్దంలో నేరుగా లోహపు రేకు మీద తీసిన ఫొటోలు) సాధారణంగా అద్దంలోలా కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. పాపిట ఏ వైపు ఉంది, పుట్టుమచ్చ ఏ చెంప మీద ఉంది అని చూసేముందు బొమ్మను తిప్పుకోవాలి.

ఈ విషయంలో మైహెరిటేజ్‌ను మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. మార్చిన ఫొటో మూలలో చిన్న గుర్తు వేసి, అసలు ఫొటోను చెరపకుండా పక్కనే ఉంచి, రెంటినీ పోల్చి చూసుకునే వీలు ఇస్తుంది. ఆ గుర్తును కత్తిరించి బంధువులకు పంపేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే ఒక తరం గడిచేసరికి ఊహ ఏదో అసలు ఏదో చెప్పేవారు ఉండరు. 2023లో చేర్చిన ఫొటోడేటర్ ఫొటో తీసిన సంవత్సరాన్ని అంచనా వేస్తుంది. నిర్ధారణగా తీసుకోకుండా, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి వాడితే పనికొస్తుంది. ముఖాలను కదిలించే సాధనం వల్ల చరిత్రకు ఒరిగేదేమీ లేదు, దాన్ని నేను పక్కన పెట్టేశాను. బాగుచేసే సాధనాలు కొన్ని ఫొటోల వరకే ఉచితం, ఆపైన చందా కట్టాలి.

ఏ సాధనం వాడినా ఫలితం స్కాన్ మీదే ఆధారపడుతుంది. చేతిలో పట్టుకుని ఫోనుతో తీసిన బొమ్మ కన్నా, కనీసం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచినది ఎంతో మేలు. అట్ట వెనకవైపును కూడా స్కాన్ చేయాలి. స్టూడియో పేరు, చిరునామా, పెన్సిల్‌తో రాసిన పొడి అక్షరాలు అక్కడే ఉంటాయి. ఆ స్టూడియో ఆ చిరునామాలో ఏ ఏళ్లలో నడిచిందో పాత వ్యాపార డైరెక్టరీల్లో దొరికితే, యంత్రం చెప్పే అంచనా కన్నా ఆ ఆధారమే బలమైనది.

చందా కట్టేముందు ఆలోచించవలసినది గోప్యత. మైహెరిటేజ్‌కు చెందిన సుమారు 9 కోట్ల 20 లక్షల ఖాతాల ఈమెయిళ్లు, సంకేత రూపంలోని పాస్‌వర్డులు బయటికి పొక్కాయని 2018 జూన్‌లో ఆ కంపెనీయే ప్రకటించింది. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకుని, గతించినవారి ఫొటోల వరకే ఎక్కించండి. బతికున్నవారి ఫొటోలను, పుట్టిన తేదీలను వారి అనుమతి లేకుండా అక్కడ పెట్టకండి.