సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 నడుస్తోంది కదా అని డబ్బులు కట్టేయకండి

ఇప్పుడే షాపు నుంచి వచ్చా, ఒళ్ళు మండిపోతోంది. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ మార్కెట్) పాత ల్యాప్‌టాప్‌ల షాపులు మీకు తెలిసినవే కదా, అందులో ఒకటి, పేరు పెట్టను, పెడితే రేపు నామీదే కేసంటాడు. నాకు కావాల్సింది పెద్ద మెషీన్ కూడా కాదండీ, 4 జీబీ ర్యామ్ ఉన్నది చాలు, మా బాబాయి కూతురికి కాలేజీ ప్రాజెక్టు కోసం, లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కుతుందో లేదో నేనే టెస్ట్ చేసి ఇద్దామని.

కౌంటర్ మీదున్న పీసు ఆన్ చేసి చూపించాడు, టాస్క్ మేనేజర్‌లో 4 జీబీ, అంతా బానే ఉంది. "ఇది డిస్‌ప్లేది సార్, మీకు నీట్‌గా ఉన్నది ఇస్తా" అని లోపల్నుంచి అదే మోడల్ ఇంకోటి తెచ్చాడు. దీంట్లో కూడా చూపించు అన్నా. "విండోస్ 11 నడుస్తోంది కదా సార్, 4 జీబీ లేకపోతే అసలు ఇన్‌స్టాలే అవ్వదు, మైక్రోసాఫ్ట్ రూల్" అన్నాడు. రూలు కరెక్టే, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో విండోస్ ఎక్కించే పెన్ డ్రైవ్ చేసేటప్పుడు ఆ ర్యామ్, టీపీఎం చెకింగ్ ఒక్క టిక్కుతో తీసేయొచ్చని అందరికీ చెప్పేది నేనే, అక్కడ మాత్రం తలూపి స్కాన్ చేసి డబ్బులు కట్టేసి వచ్చా. మేధావిని మరి.

ఇంటికొచ్చి మింట్ లైవ్ పెన్ డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్ డ్రైవ్ నుంచే నడిచేది) పెడితే డెస్క్‌టాప్ రావడానికే ఒక యుగం పట్టింది, ఇన్‌స్టాలర్ ఫైళ్ళు కాపీ చేస్తూ చేస్తూ మధ్యలో మౌస్‌తో సహా బిగుసుకుపోయింది. లైవ్‌లో ఉన్నప్పుడు అది రాసుకునేదంతా ర్యామ్‌లోనే, ర్యామ్ నిండితే డిస్క్‌లో వాడుకునే స్వాప్ కూడా లేదు, ర్యామ్ తక్కువైతే ముందు చచ్చేది అక్కడే. కానీ 4 జీబీకి ఇలా అవ్వకూడదే అని టెర్మినల్‌లో ర్యామ్ ఎంతుందో చూపే ఫ్రీ కమాండ్ కొడితే 1.8 జీబీ! బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మెషీన్ సెటప్ స్క్రీన్) 2048 ఎంబీ, అంటే 2 జీబీ. బోర్డుకే సోల్డర్ చేసుంది, ఇంకోటి పెడదామంటే స్లాటే లేదు. స్టోరేజ్ 32 జీబీ, అందులో విండోస్ 11 కుక్కాడు మహానుభావుడు.

తిరిగి పట్టుకెళ్తే ఏమన్నాడో తెలుసా? "మీరు లినక్స్ ఎక్కించారు కదా సార్, దానివల్లే ర్యామ్ తగ్గిపోయింది." మొహంలో మొహం పెట్టి చెప్పాడండీ! సోల్డర్ చేసిన చిప్పుని లినక్స్ తినేసిందట. బయోస్ తెరిచి చూపించా, "అది కూడా మీ లినక్సే మార్చేసుంటుంది" అని పక్కనున్న కుర్రాడు, ఇద్దరూ ఒకటే నవ్వు. పైగా "ఈ రేటుకి ఇదే ఎక్కువ, కొంచెం జరగండి, కస్టమర్లు వెయిటింగ్". మరి నేనెవర్ని, వాడి బావమరిదినా?

దీంట్లో డెబియన్ అనే ఇంకో లినక్స్‌ని, ర్యామ్ తక్కువ తినే టెక్స్ట్ ఇన్‌స్టాలర్‌తో ఎక్కించొచ్చు, తెలుసు, కానీ బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మళ్ళీ ఇదే కథ, ఆ పిల్లకి ఏం చెప్పాలి ఇప్పుడు.

మీరెవరైనా వెళ్తే మీ చేతికిచ్చే పీసులోనే బయోస్ చూడండి, విండోస్ చెప్పేది తర్వాత. లైవ్ పెన్ డ్రైవ్ జేబులో వేసుకెళ్ళండి, పెట్టనివ్వకపోతే లేచి వచ్చేయండి. బిల్లు మీద ర్యామ్ ఎంతో రాయించుకోండి. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేద్దామని బిల్లు తీస్తే నాదాంట్లో "ల్యాప్‌టాప్ - 1" అని తప్ప ఇంకేం లేదు.